నాయకుడి జీవితచరిత్రను నలుగురూ కలిసి రాయడం ఎలా: కాపీ కొట్టకుండా, తప్పులు దొర్లకుండా

చెన్నైలో మేం అయిదుగురం తెలుగువాళ్లం నెలకు రెండు ఆదివారాలు ఒకచోట కూర్చుని తెలుగు వికీపీడియాలో పాత మద్రాసు రాజకీయ నాయకుల పేజీలు రాస్తుంటాం. ఒకాయన రిటైరైన లెక్చరర్, ఆయన్ని అందరం మాస్టారు అంటాం. ఒక అక్క బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు తమ్ముళ్లు ఓఎంఆర్ వైపు ఐటీ కంపెనీల్లో ఉంటారు, అయిదో మనిషిని నేను. మొదటి ఏడాది రాసినదాంట్లో దాదాపు సగం తర్వాత మేమే చెరిపేసుకున్నాం. కొన్ని పేరాలు ఎక్కడో అచ్చయినవాటికి నకళ్లు, కొన్ని తారీఖులు గాల్లోంచి వచ్చినవి. ఆ తంటాలన్నీ పడ్డాక ఒక పద్ధతి కుదిరింది, అదే ఇక్కడ చెబుతున్నా. వికీకే కాదు, సంఘం సావనీరుకైనా, కాలేజీ వాళ్లు కలిసి వేసే పుస్తకానికైనా ఇదే పనికొస్తుంది.

ముందు ఒక తిరకాసు చెప్పాలి. ఈ పనిలో వాక్యం మీ సొంతం కావాలి, విషయం మాత్రం మీ సొంతం కాకూడదు. అంటే మాటలు మీరు కూర్చుకోవాలి కానీ ఆ మాటల్లో చెప్పే ప్రతి సంగతీ ఇంతకుముందే ఎక్కడో నమ్మదగ్గ చోట అచ్చయి ఉండాలి. వికీలో దీనికి ‘మౌలిక పరిశోధన నిషిద్ధం’ అని ఒక నియమమే ఉంది. కొత్తవాళ్లు చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు, వాక్యాలేమో పక్కవాడివి దింపుతారు, సంగతులేమో సొంతంగా అల్లుతారు. నేనూ అలాగే మొదలెట్టాను కాబట్టి ఎవరినీ అనడం లేదు.

1. ఎవరి గురించి రాయాలో తేల్చుకోండి

దీనికి ఎక్కువ టైం పెట్టకండి. ఆ మనిషి గురించి ఆయనకు గానీ, ఆయన పార్టీకి గానీ, కుటుంబానికి గానీ సంబంధం లేనివాళ్లు రాసిన మూలాలు కనీసం రెండు మూడు దొరుకుతాయా అని చూడండి. దొరక్కపోతే ఆ పేరు పక్కన పెట్టి ఇంకొకరిని చూసుకోండి. మీ మేనమామ, మీ కులం పెద్ద, మీరు జెండా మోసిన నాయకుడు, వీళ్ల గురించి రాయాలనిపిస్తే ఆ సంగతి ముందే గుంపులో చెప్పి, రాయడం ఇంకొకరికి వదిలేయండి. మీరు మూలాలు వెతికిపెడితే చాలు.

2. ఒక్క వాక్యం కూడా రాయకముందు పట్టిక వేయండి

గూగుల్ షీట్ చాలు. అయిదు గళ్లు: సంగతి, మూలం, పేజీ నంబరు, ఎవరు కళ్లారా చూశారు, ఇంకో మూలం ఏమంటోంది. ఒక్కో సంగతికి ఒక్కో వరస. ‘1916లో పార్టీ పెట్టారు, 1920లో పదవి వద్దన్నారు’ అని ఒకే వరసలో రెండు సంగతులు కుక్కొద్దు, ఎందుకంటే మొదటిదానికి ఉన్న మూలం రెండోదానికి ఉండకపోవచ్చు. నాలుగో గడి చూస్తే చాదస్తంగా అనిపిస్తుంది కానీ అన్నిటికంటే అదే ముఖ్యం. ‘ఫలానా పుస్తకంలో ఉందట’ అనేదానికీ, ‘నేను చూశాను, 143వ పేజీ’ అనేదానికీ తేడా అక్కడే తేలిపోతుంది. పేరు రాసుకోవాల్సి వచ్చేసరికి మా తమ్ముడొకడు తను పెట్టిన పన్నెండు వరసల్లో ఏడింటిని తనే తీసేశాడు.

3. మూలాల వేట

చెన్నైలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. ఎగ్మోరులో మ్యూజియం ఆవరణలోనే కన్నెమరా లైబ్రరీ ఉంది. 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి, అందులో తెలుగు పుస్తకాలూ లెక్కే. తమిళనాడు ఆర్కైవ్స్ కూడా ఎగ్మోరులోనే, మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ రికార్డులు కావాలంటే అక్కడికే వెళ్లాలి. ఇక ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో పుట్టినా 1914లో మద్రాసుకు వచ్చేసింది, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఈ ఊళ్లో జరిగిన తెలుగు రాజకీయమంతా అందులో రోజువారీగా ఉంటుంది. పాత పత్రికల స్కానులు ఆన్‌లైన్‌లో చాలా దొరుకుతున్నాయి కాబట్టి ప్రతిదానికీ బస్సెక్కనక్కర్లేదు.

ఏ మూలాన్ని దేనికి నమ్మాలో తెలుసుకోవడమే అసలు పని. ఎన్ని ఓట్లు వచ్చాయి, ఏ నియోజకవర్గం అంటే ఎన్నికల సంఘం గణాంక నివేదికలు, 1951-52 మొదటి సాధారణ ఎన్నికల నుంచీ ఉన్నాయి. సభలో ఏం మాట్లాడారంటే సభా చర్చల రికార్డులు. ఒక ఘటన ఏ రోజు జరిగిందంటే ఆనాటి పత్రిక, అయితే పేపరు మీద తారీఖు ఘటన తారీఖు కాదు, లోపల ‘నిన్న’ అని ఉంటుంది, అది చూడకపోతే ఒక రోజు తేడా వచ్చేస్తుంది. పాత తెలుగు పుస్తకాల్లో సంవత్సరాలు తెలుగు అంకెల్లో ఉంటే ఇంకా జాగ్రత్త, అచ్చు అలికిపోయినచోట ౨కీ ౩కీ తేడా కళ్లు చిట్లించినా తెలియదు.

ఆత్మకథ మంచి మూలమే, కానీ సగానికే. చిన్నతనం, చదువు, ఆయన మనసులో ఏముందో చెప్పడానికి దానికి మించింది లేదు. ప్రత్యర్థి గురించి ఆయన రాసింది మాత్రం ‘ఆయన ఆత్మకథలో ఇలా రాశారు’ అనే ముసుగు లేకుండా వాడకండి. సంఘాల సావనీర్లు, సంస్మరణ సంచికలు, విగ్రహాల కింద శిలాఫలకాలు, ఫ్లెక్సీలు: వీటిని దారి చూపించేవాటిగానే తీసుకోండి. అక్కడ ఒక తారీఖు కనిపిస్తే దాన్ని పట్టుకుని అసలు మూలం దాకా వెళ్లాలి, అక్కడే ఆగిపోకూడదు.

4. తారీఖులు, ఊళ్లు, పదవుల పేర్లు

తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటాయి కాబట్టి కాస్త సాగదీస్తాను.

పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష ఎన్ని రోజులు? 56 అని రాసినవాళ్లున్నారు, 58 అని రాసినవాళ్లున్నారు. మా గుంపులో దీని మీద అరగంట వాదన నడిచింది, అక్క ఫోన్ తీసి లెక్కేసేదాకా. 1952 అక్టోబరు 19న మొదలైంది, డిసెంబరు 15 రాత్రి ఆయన చనిపోయారు. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15, రెండు కొసలూ కలిపితే 58. అంకె ఎక్కడి నుంచో తెచ్చుకోకుండా మొదలు, ముగింపు తారీఖులు రెండూ రాసేయండి, రోజులు చదివేవాళ్లే లెక్క పెట్టుకుంటారు. ఆయన పుట్టిన ఊరి సంగతీ అంతే. కొందరు మద్రాసు జార్జిటౌన్ అంటారు, కొందరు కనిగిరి దగ్గర పడమటిపల్లి అంటారు. మూలాలు రెండు రకాలుగా ఉన్నప్పుడు మనకు నచ్చినదాన్ని ఎంచుకుని రెండోదాన్ని మింగేయడం తప్పు. ‘ఫలానా పుస్తకం ఇలా, ఫలానా పుస్తకం ఇలా’ అని రెండూ పెట్టాలి, ఏది సొంతూరు, ఏది పుట్టిన చోటు అని విడదీసి చెప్పే మూలం దొరికితే అది ముందు పెట్టాలి.

ఇంకో పెద్ద తప్పు, ‘ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణత్యాగం’ అని రాయడం. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబరు 1న. ఆయన దీక్ష మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కోసం, ఆ రాష్ట్రం మద్రాసు లేకుండా, కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న వచ్చింది. దీక్ష జరిగింది మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో, రాయపేట హైరోడ్డు మీద. అదిప్పుడు స్మారక భవనం. ఈ ఊళ్లోనే ఉండి ఒక్కసారైనా చూడకుండా ఆయన పేజీ దిద్దడానికి కూర్చోవడం మా సిగ్గుచేటు, మూడో నెలలో గానీ వెళ్లలేదు.

టంగుటూరి ప్రకాశం ‘ప్రకాశం జిల్లాలో జన్మించారు’ అని ఎన్ని చోట్ల చదివానో. 1872లో ఆయన పుట్టేనాటికి ఆ జిల్లా లేదు. ఒంగోలు జిల్లాగా 1970లో ఏర్పడి, 1972లో ఆయన పేరే పెట్టుకుంది. ‘ఇప్పటి ప్రకాశం జిల్లా’ అని ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. జిల్లాలు మళ్లీ మళ్లీ విడిపోతున్నాయి కాబట్టి ‘ఇప్పటి’ అన్నచోటల్లా ఏ సంవత్సరం నాటి ‘ఇప్పుడో’ చూసుకోవాలి. మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది 1969లో, ఊరు చెన్నై అయింది 1996లో. 1928 నాటి సంగతి రాస్తూ ‘చెన్నైలో’ అనకండి.

పదవులు ఇంకా తికమక. ప్రకాశం 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని, ముఖ్యమంత్రి కాదు, అప్పట్లో ఆ పదవిని ప్రీమియర్ అనేవారు. ముఖ్యమంత్రి అయింది 1953లో, ఆంధ్ర రాష్ట్రానికి. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. వీటిని కలిపేసి ‘ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ప్రకాశం’ అనేవాళ్లకు కొదవ లేదు. టి.నగర్‌లో పానగల్ పార్కు చుట్టూ రోజూ తిరిగే మనవాళ్లలోనే, 1920ల నాటి జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్ రాజా మద్రాసుకు మొదటి ముఖ్యమంత్రి అనుకునేవాళ్లున్నారు. ఆయన కంటే ముందు 1920 డిసెంబరు నుంచి 1921 జూలై దాకా సుబ్బరాయలు రెడ్డియార్ ఉన్నారు, పదవి పేరు కూడా ప్రథమ మంత్రి. అలాగే 1937కు ముందు మద్రాసులో ఉన్నది ఒక్కటే సభ, దాని పేరు లెజిస్లేటివ్ కౌన్సిల్. దాన్ని ఉన్నదున్నట్టు ‘శాసనమండలి’ అని వదిలేస్తే చదివేవాళ్లు ఇప్పటి ఎగువ సభ అనుకుంటారు. అప్పట్లో ఉన్న ఏకైక సభ అదేనని ఒక్క ముక్క రాయండి.

పేర్ల ముందు అక్షరాలు చెన్నైలో ప్రత్యేకమైన తలనొప్పి. మనకు టి. ప్రకాశం అంటే టంగుటూరి, ఇంటిపేరు. తమిళులకు సాధారణంగా ఇంటిపేర్లు ఉండవు, కె. కామరాజ్‌లో కె అంటే తండ్రి కుమారస్వామి, సి.ఎన్. అన్నాదురైలో సి అంటే కాంచీపురం, ఎన్ అంటే నటరాజన్. సమాచారపెట్టెలో (పేజీ పక్కన ముఖ్య వివరాలు చూపే పెట్టె) ‘ఇంటిపేరు’ అని ఉన్న గడిలో వీటిని నింపేస్తే నవ్వుల పాలవుతాం. ఇక్కడ మూడు తరాలుగా ఉన్న తెలుగువాళ్లు కొందరు తమిళ పద్ధతిలోనే తండ్రి పేరు పెట్టుకుంటారు, కాబట్టి మనిషి తెలుగువాడని తెలిసినంత మాత్రాన అక్షరం ఇంటిపేరని నిశ్చయించకండి. తమిళ పత్రిక చూసి పేరు రాసేటప్పుడు క, గ రెండిటికీ, ప, బ రెండిటికీ వాళ్లకు ఒకే అక్షరమని గుర్తుపెట్టుకోండి, లేకపోతే బాలకృష్ణన్ పాలకృష్ణన్ అయి కూర్చుంటాడు. ఇంగ్లీషు నుంచి తెచ్చినా చిక్కే. పానగల్ రాజా పేరును ఇంగ్లీషులో చూసి ‘రామరాయనింగర్’ అని రాసినవాళ్లున్నారు, ఆ చివరి ‘గర్’ మన ‘గారు’ అని తెలియక.

పుట్టినతేదీ జాతకం నుంచి వచ్చిందైతే తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి, పైగా ఒక్కో తెలుగు సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. శార్వరి అంటే 1900-01 కావొచ్చు, 1960-61 కావొచ్చు. పుష్యమాసంలో పుట్టినవారైతే ఇంగ్లీషు సంవత్సరం మారిపోయే అవకాశం ఎక్కువ. పంచాంగం లెక్క మీరు వేసుకోండి, కానీ ఆ లెక్క ఫలితాన్ని పేజీలోకి ఎక్కించకండి. అది మీకు అనుమానం తీర్చడానికి మాత్రమే.

5. మూలం మీ పేజీకే పుట్టిన బిడ్డ కాదు కదా?

ఇది మాకు తగిలిన పెద్ద దెబ్బ. ఒక పాత శాసనసభ్యుడి పుట్టినతేదీకి ఒక సంఘం సావనీరును మూలంగా పెట్టాం. అచ్చు పుస్తకం, గట్టి అట్ట, ఇంకేం కావాలనుకున్నాం. కొన్నాళ్లకు ఆయన బంధువొకరు తేదీ తప్పని రాశారు. మాస్టారు పేజీ చరిత్ర (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితా) తిరగేసి చూస్తే, ఆ తేదీని సావనీరు రాకముందే ఎవరో ఏ మూలమూ ఇవ్వకుండా మా పేజీలోనే పెట్టి ఉన్నారు. సావనీరు వేసినవాళ్లు పేజీ చూసి రాసుకున్నారు, మేం సావనీరు చూసి పేజీకి మూలం పెట్టాం. పాము తన తోకనే మింగినట్టు.

ఇలా మేమే కాదు, జర్మనీ మొత్తం పప్పులో కాలేసింది. 2009 ఫిబ్రవరిలో కార్ల్ థియోడోర్ త్సు గుట్టెన్‌బర్గ్ అక్కడ ఆర్థిక వ్యవహారాల మంత్రి అవుతుంటే, అసలే మూర పొడవున్న ఆయన పేర్ల వరసలో ఎవరో ‘విల్‌హెల్మ్’ అని ఒక దొంగ పేరు దూర్చారు, జర్మన్ వికీపీడియాలో. మర్నాడు పెద్ద పెద్ద పత్రికలు ఆ పేరుతో సహా అచ్చేశాయి. తర్వాత వికీలో అనుమానం వచ్చి అడిగితే, ఇదిగో పత్రికలో ఉంది కదా అని ఆ పత్రికనే మూలంగా చూపించారు. అదే మనిషి మీద ఇంకో రెండేళ్లకు, ఆయన డాక్టరేటు సిద్ధాంత గ్రంథంలో కాపీ ఉందని గొడవ లేచినప్పుడు, వందలమంది కలిసి గుట్టెన్‌ప్లాగ్ అనే వికీ పెట్టి పేజీ పేజీ పోల్చి చూశారు. బైరాయిట్ విశ్వవిద్యాలయం డాక్టరేటు వెనక్కి తీసుకుంది, 2011 మార్చి 1న ఆయన రక్షణమంత్రి పదవికి రాజీనామా చేశారు. అబద్ధం పుట్టించిందీ గుంపే, నిజం తవ్వి తీసిందీ గుంపే. తేడా ఏంటంటే రెండోవాళ్లు ఏ పేజీలో ఏ వరస ఎక్కడిదో రాసిపెట్టుకున్నారు.

కాబట్టి చేయాల్సింది ఇది. ఏదైనా సంగతికి మూలం దొరకగానే రెండు తారీఖులు చూడండి: మూలం అచ్చయిన తారీఖు, ఆ సంగతి మన పేజీలోకి మొదట ఎక్కిన తారీఖు. రెండోది ‘చరిత్ర’ ట్యాబులో దొరుకుతుంది. మూలం మన పేజీ కంటే తర్వాత పుట్టిందైతే, అది ఎక్కడి నుంచి తీసుకుందో చెప్పనిదైతే, అది మూలం కాదు, మన ప్రతిధ్వని. పేజీ పుట్టకముందు అచ్చయిన పుస్తకం వెతకండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, అంతకు ముందు అచ్చయినవాటికి కనీసం ఈ జబ్బు ఉండదు, వేరే జబ్బులుంటే ఉండొచ్చు.

చాట్‌బాట్లు వచ్చాక ఇది ఇంకా ముదిరింది. అడిగితే పుస్తకం పేరు, ప్రచురణకర్త, పేజీ నంబరు అన్నీ ఇస్తాయి, వెళ్లి చూస్తే అలాంటి పుస్తకమే ఉండదు. పట్టికలో నాలుగో గడి ఉన్నది ఇందుకే కూడా.

6. సొంత మాటల్లో రాయడం

సొంత మాటలంటే పర్యాయపదాలు పెట్టడం కాదు. ఒక ఉదాహరణ, నేనే కల్పించిన సావనీరు వాక్యం: ‘పానగల్ రాజావారు తమ అసమాన రాజనీతిజ్ఞతతో, అకుంఠిత దీక్షతో 1921 మొదలు 1926 వరకు మద్రాసు పాలనా పగ్గాలను సమర్థంగా నిర్వహించి ప్రజల మన్ననలు చూరగొన్నారు.’ దీన్ని కొత్తవాళ్లు ఇలా మారుస్తారు: ‘పానగల్ రాజా తన సాటిలేని రాజకీయ చతురతతో, గట్టి పట్టుదలతో 1921 నుంచి 1926 దాకా మద్రాసు పరిపాలనను చక్కగా నడిపి జనం మెప్పు పొందారు.’ ప్రతి మాటా మారింది, అయినా ఇది కాపీనే. అస్థిపంజరం అదే, చొక్కా ఒక్కటే మార్చాం. పైగా పొగడ్త కూడా చెక్కుచెదరకుండా వచ్చేసింది. ఈ వాక్యంలో నిజానికి ఉన్న సంగతి ఒక్కటే, 1921 నుంచి 1926. దానికి ఇంకో రెండు మూలాల నుంచి తెచ్చినవి కలిపితే: ‘సుబ్బరాయలు రెడ్డియార్ తర్వాత 1921 జూలైలో పానగల్ రాజా మద్రాసు ప్రెసిడెన్సీకి రెండో ప్రథమ మంత్రి అయ్యారు. 1925లో త్యాగరాయ చెట్టి చనిపోయాక జస్టిస్ పార్టీ నాయకత్వమూ ఆయనకే వచ్చింది. 1926 డిసెంబరు దాకా పదవిలో ఉన్నారు.’ పట్టికలో మూడు వరసలు, మూడు మూలాలు, వాక్యాలు మనవి.

చేతిలో పుస్తకం తెరిచి పెట్టుకుని ఇలా రాయలేరు, ఎవరి తరమూ కాదు. పుస్తకం చూసి పట్టికలో ముక్కలుగా నోట్స్ రాసుకోండి, క్రియలు కూడా లేకుండా, ‘1921 జూలై – ప్ర.మం. – సుబ్బరాయలు తర్వాత’ అన్నట్టు. పుస్తకం మూసేయండి. కాఫీ తాగి రండి, వీలైతే మర్నాటి దాకా ఆగండి. తర్వాత పట్టిక మాత్రమే చూస్తూ రాయండి. అయ్యాక పుస్తకం మళ్లీ తెరిచి తారీఖులు సరిచూడండి, అప్పుడు వరసగా నాలుగైదు మాటలు కలిసిపోయి కనిపిస్తే ఆ వాక్యం మళ్లీ రాయండి. పదవి పేర్లు, సంస్థల పేర్లు కలిస్తే పర్వాలేదు, వాటికి వేరే మాటలు లేవు.

అపర చాణక్యుడు, పేదల పెన్నిధి, మేరునగధీరుడు లాంటివి కనిపిస్తే కళ్లు మూసుకుని కొట్టేయండి, ఇవి కాపీని పట్టించే గుర్తులు కూడా. గారు, శ్రీ కూడా వికీలో వాడం. మాస్టారికి ఇది మొదట్లో కష్టమైంది, ‘ప్రకాశం పంతులుగారిని గారు లేకుండా ఎలా రాస్తానయ్యా’ అనేవారు. ఇప్పటికీ నోటితో గారు అంటూనే చేత్తో తీసేస్తారు.

కాపీహక్కు సంగతి కొంచెం తెలుసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలుకుని అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. ప్రకాశం 1957లో పోయారు కాబట్టి ఆయన రాసుకున్న ఆత్మకథ 2018 జనవరి 1 నుంచి అందరిదీ. అయితే దాని నాలుగో భాగం తెన్నేటి విశ్వనాథం రాశారు, ఆయన 1979లో పోయారు, అంటే దానికి 2039 చివరిదాకా హక్కు ఉంది. ఒకే పేరుతో అమ్ముడుపోయే పుస్తకంలో కూడా ఇలా తేడా ఉండొచ్చు. హక్కు పోయినా మక్కికి మక్కి దింపొచ్చని కాదు. చట్టం ఊరుకుంటుంది, పేజీ మాత్రం ఆత్మకథలా తయారవుతుంది. తారీఖులకూ సంగతులకూ కాపీహక్కు లేదు, చెప్పిన తీరుకే ఉంటుంది.

కొటేషన్ విషయంలో ఒక మాట. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణప్పుడు మద్రాసులో ప్రకాశం పోలీసు తుపాకుల ముందు ఛాతీ చూపించారు, అది చరిత్ర. ఆ క్షణంలో ఆయన అన్న మాట మాత్రం చదివిన చోటల్లా కొంచెం మారుతుంటుంది, కొన్ని అచ్చం సినిమా డైలాగులే. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలంటే అక్షరం పొల్లుపోకుండా ఒక మూలం కావాలి, లేదంటే జరిగింది చెప్పి ఊరుకోండి.

ఇంగ్లీషు పేజీ నుంచి అనువదిస్తే అది కూడా ఒకరి రచనే. వికీల మధ్య అనువాదానికి అనుమతి ఉంది కానీ ఏ పేజీ నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో రాయాలి, ఇది మర్యాద కోసం కాదు, లైసెన్సు షరతు. యంత్రం చేతికి వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పార్టీ విప్ ‘కొరడా’ అవుతాడు, సిట్టింగ్ ఎంపీ ‘కూర్చున్న సభ్యుడు’ అవుతాడు, దిగువ సభ ‘కింది ఇల్లు’ అవుతుంది. ఒకచోట ఎన్నికల్లో నిలబడ్డాయన ‘కార్యాలయం కోసం పరుగెత్తాడు’.

7. పని పంచుకోవడం

నలుగురూ నాలుగు పేరాలు పంచుకుని రాస్తే పేజీ అతుకుల బొంతలా ఉంటుంది, తప్పుకు బాధ్యత కూడా ఎవరిదో తెలియదు. మేం పేరాలు పంచుకోం, పనులు పంచుకుంటాం. ఇద్దరు మూలాలు తెస్తారు, ఒకరే మొత్తం రాస్తారు, ఒకరు ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూస్తారు, అయిదో మనిషి పట్టిక గానీ పుస్తకాలు గానీ చూడకుండా పేజీ ఒక్కటే చదివి అర్థం కానిచోట గీత పెడతారు. రాసినవాళ్లు సరిచూడకూడదు, ఇది తప్పనిసరి. మన తప్పు మన కంటికి ఆనదు. ముందు ప్రయోగశాలలో, అంటే వికీలో చిత్తు రాతకు ఉండే పేజీలో రాసి, సరిచూశాకే అసలు పేజీలోకి తేవాలి.

వాదన వస్తే వాట్సాప్‌లో తేల్చుకోవద్దు. పేజీకి చర్చ ట్యాబు ఉంది, అక్కడే రాయండి, రెండేళ్ల తర్వాత ఇంకెవరో వచ్చి అదే తారీఖు మార్చబోతే ఎందుకలా పెట్టామో కనిపిస్తుంది. ఒకరు మార్చడం, ఇంకొకరు వెనక్కి తిప్పడం మూడోసారి దాకా వెళ్లిందంటే ఇద్దరూ ఆ రోజుకు కంప్యూటర్ మూసేయాలి.

8. వివాదాలు, బతికున్న నాయకులు

పోయినవాళ్ల వివాదాన్ని దాచకండి, తీర్పూ ఇవ్వకండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ తన రచన నుంచి కాపీ చేశారని 1929లో జదునాథ్ సిన్హా అనే పరిశోధకుడు కలకత్తా హైకోర్టుకు వెళ్లారు, రాధాకృష్ణన్ పరువునష్టం దావా వేశారు, 1933లో కోర్టు బయట రాజీ అయ్యారు. ఆరోపణ, ఎదురు దావా, రాజీ, మూడూ ఉండాలి. మొదటిది రాసి మిగతా రెండూ వదిలేస్తే అది నింద, మూడోది మాత్రమే రాస్తే భజన.

బతికున్నవాళ్లయితే ఇంకా కఠినం. 2005లో అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పాత్రికేయుడి పేజీలో ఆయనకు కెన్నెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్నట్టు ఎవరో రాస్తే నాలుగు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. బతికున్నవాళ్ల పేజీలకు వికీలో ప్రత్యేక నియమాలు గట్టిపడింది ఆ గొడవ తర్వాతే. మూలం లేని ప్రతికూల వాక్యం కనిపిస్తే చర్చ కోసం ఆగక్కర్లేదు, వెంటనే తీసేయొచ్చు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, శిక్ష మూడూ వేర్వేరు, నిందితుడు దోషి కాడు. ‘కేసులో ఇరుక్కున్నాడు’ లాంటి మాట ఇంట్లో అనుకోవడానికి బాగుంటుంది. పరువునష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కింద ఉంది, రాసిన మనిషికే తగులుతుంది, ‘అందరం కలిసి రాశాం’ అంటే చెల్లదు.

ఆస్తులు, కేసులు, చదువు గురించి అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం సైటులో ఉంటాయి. అవి సొంత ప్రకటనలు, కాబట్టి ‘ఫలానా ఏడాది అఫిడవిట్‌లో పేర్కొన్నారు’ అనే రాయాలి. అందులో వయసే ఉంటుంది, పుట్టినతేదీ కాదు. వయసులోంచి తేదీ పుట్టించకండి.

9. పెట్టాక

పేజీని అయిదుగురూ వీక్షణ జాబితాలో పెట్టుకోండి, ఎవరైనా మారిస్తే అందులో కనిపిస్తుంది. ఎన్నికల ముందు నెల, జయంతి, వర్ధంతి రోజుల్లో మార్పులు ఎక్కువగా పడతాయి, ఆ వారం ఎవరు చూడాలో ముందే అనుకోండి. ఎవరైనా బంధువు తప్పుందని రాస్తే చిరాకు పడకుండా మూలం అడగండి, చాలాసార్లు వాళ్ల దగ్గరే పాత పత్రిక కత్తిరింపు ఉంటుంది. మా శాసనసభ్యుడి పుట్టినతేదీ అలాగే తేలింది. ఆ బంధువు పంపిన కత్తిరింపు మీద పత్రిక పేరు చిరిగిపోయింది గానీ తారీఖు ఉంది, దాన్ని పట్టుకుని అక్క రెండు శనివారాలు పాత పత్రికల సంపుటాలు తిరగేసి అసలు సంచిక దొరకబుచ్చుకుంది. పట్టికలో ఆ వరస నాలుగో గడిలో ఇప్పుడు ఆమె పేరు ఉంది.